పాత హెల్మెట్‌కు కొత్త లోపలి కిట్: ఏడు ప్యాడ్లు, నాలుగు పట్టీలు, కర్నూలు ఎండ

తూటాలను, తునకలను ఆపే బాలిస్టిక్ హెల్మెట్‌లో బయటి గట్టి డొప్ప కంటే ముందు లోపలి సరంజామా పాడవుతుంది. స్పాంజి పొడిపొడిగా రాలుతుంది, వెల్క్రో నూలు లేచిపోతుంది, గడ్డం పట్టీ సాగి వేలాడుతుంది. డొప్ప గట్టిగానే ఉంటుంది గానీ అది తల మీద నిలవదు. పరిగెత్తితే కళ్ళ మీదికి జారుతుంది, పడుకుంటే వెనక్కి లేస్తుంది. చివరికి మనిషి దాన్ని చేతిలో పట్టుకుని తిరుగుతాడు. అలాంటి హెల్మెట్లకు లోపలి భాగం మొత్తం మార్చుకునే కిట్లు ఆన్‌లైన్‌లో మూడు వేల లోపు దొరుకుతున్నాయి. అందులో ఒకదాన్ని చెవుల మీదుగా కొంచెం కోత ఉండే అరామిడ్ (కెవ్లార్ లాంటి గట్టి పీచు) డొప్పలకు బిగించి, కర్నూలు మే నెల ఎండలో వేర్వేరు తలల మీద చూసిన తర్వాత రాస్తున్న సమీక్ష ఇది.

ఒక మాట ముందే. పోలీసు శాఖ ఇచ్చిన హెల్మెట్ శాఖ ఆస్తి. స్టోర్స్ వాళ్ళ అనుమతి లేకుండా దాని స్క్రూ కూడా విప్పకూడదు. ఏపీఎస్పీ (ఆంధ్రప్రదేశ్ ప్రత్యేక పోలీసు దళం) రెండో బెటాలియన్ ఉన్న ఊరు కాబట్టి ఇది ఇక్కడ చాలామందికి పనికొచ్చే సంగతే. అడిగితే పోయేదేమీ లేదు.

పెట్టెలో ఏమున్నాయంటే: మాడుకు ఒక గుండ్రటి ప్యాడు, నుదుటికీ వెనక తలకూ ఒక్కోటి చొప్పున రెండు వెడల్పాటి ప్యాడ్లు, పక్కలకు నాలుగు పొడుగుపాటివి, మొత్తం ఏడు. మందం 19 మిల్లీమీటర్లు, అంటే ముప్పావు అంగుళం. 25 మిల్లీమీటర్ల ప్యాడ్లు విడిగా కొనాలి. నాలుగు చోట్ల బిగించే పట్టీల హార్నెస్, దానికి గడ్డం కప్పు, మెడ వెనక మెత్త, బిగింపు డయల్. వెనక జిగురున్న వెల్క్రో బిళ్ళలు ఒక షీటు. నాలుగు జతల స్క్రూలు, వాటి పోస్టులు, అంటే స్క్రూ లోపలికి పట్టే మర ఉన్న గొట్టాలు. చిన్న అలెన్ కీ ఒకటి. బిగించే పద్ధతి చెప్పే కాగితం లేదు. అది పెద్ద లోటు, ఎందుకంటే ఈ పనిలో తప్పులన్నీ బిగింపులోనే జరుగుతాయి.

ప్యాడ్లు నిజంగా బాగున్నాయి. హార్నెస్ ఫరవాలేదు. జిగురు బిళ్ళలు ఈ ఊరి ఎండకు పనికిరావు. స్క్రూలను పెట్టెలోనే వదిలేయండి.

ప్యాడ్ల సంగతి ముందు చూద్దాం. వేలితో మెల్లగా నొక్కితే లోపలికి పోతాయి, గుద్దితే గట్టిపడతాయి. ఈ రకం ఫోమ్ గుణమే అది: నిదానంగా వచ్చే ఒత్తిడికి లొంగుతుంది, ఒక్కసారిగా వచ్చే దెబ్బకు ఎదురు నిలుస్తుంది. తల వేడికి పది నిమిషాల్లో పుర్రె ఆకారానికి సర్దుకుంటుంది. అందుకే పెట్టుకున్న మొదటి నిమిషంలో బిగుతుగా ఉందని ప్యాడు తీసేయడం తొందరపాటు. అయితే ఎండకు ఈ ఫోమ్ మెత్తబడుతుంది, చలికి బిగుసుకుంటుంది. అమెరికా సైన్యం తన ఏసీహెచ్ (అడ్వాన్స్‌డ్ కాంబాట్ హెల్మెట్) అనే హెల్మెట్‌ను మైనస్ 10 డిగ్రీల్లో, మామూలు గది వేడిలో, 54 డిగ్రీల్లో వేర్వేరుగా పరీక్షించేది అందుకే. సెకనుకు 10 అడుగుల వేగంతో దిమ్మె మీద పడేసినా లోపలి నమూనా తలకు అందే కుదుపు 150 జీ (భూమి ఆకర్షణకు 150 రెట్లు) దాటకూడదని దాని నిబంధన. ఈ కిట్ ప్యాడ్లకు అలాంటి పరీక్ష పత్రం ఏదీ జతచేయలేదు. మధ్యాహ్నం ఎండలో రెండు గంటలు ఉంచి నొక్కి చూస్తే పొద్దుటి కంటే మెత్తగా అనిపించాయి, కానీ బొటనవేలు డొప్ప దాకా దిగిపోలేదు. చవక స్పాంజి ప్యాడ్లలో వేలు నేరుగా డొప్పకు తగులుతుంది. తేడా అక్కడే తెలుస్తుంది.

ప్యాడు పలచనైతే ఏమవుతుందో తెలిస్తే ఎవరూ దాన్ని కత్తిరించరు. తూటా తగిలినప్పుడు డొప్ప చిల్లు పడకుండా ఆపినా, తగిలిన చోట లోపలికి ఉబ్బుతుంది. ఏసీహెచ్ పరీక్షల్లో ఆ ఉబ్బుకు ముందూ వెనకా 25.4 మిల్లీమీటర్లు, పక్కలకూ మాడుకూ 16 మిల్లీమీటర్లు హద్దు. తలకూ డొప్పకూ మధ్య ఖాళీ లేకపోతే ఆ ఉబ్బు నేరుగా పుర్రెకు తగులుతుంది. చిన్న సైజు డొప్పలో పెద్ద తల పట్టించడానికి ప్యాడును బ్లేడుతో సగానికి కోసేవాళ్ళున్నారు. ఆ పని ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. తల పట్టకపోతే పెద్ద డొప్ప తీసుకోవాలి.

సైజు చూసుకోవడానికి దర్జీ టేపు చాలు. కనుబొమలకు వేలెడు పైన మొదలుపెట్టి, వెనక తల బాగా ఉబ్బెత్తుగా ఉన్న చోటు మీదుగా చుట్టండి. మూడుసార్లు కొలిచి పెద్ద అంకె తీసుకోండి. చుట్టుకొలత ఒక్కటే సరిపోదు. 57 సెంటీమీటర్ల తల గుండ్రంగా ఉండొచ్చు, ముందుకూ వెనక్కూ పొడుగ్గా ఉండొచ్చు. రెండు అట్టముక్కలను తలకు అటూ ఇటూ నిలువుగా ఆనించి, వాటి మధ్య దూరం స్కేలుతో చూస్తే వెడల్పు వస్తుంది. అదే పద్ధతిలో ముందూ వెనకా చూస్తే పొడవు వస్తుంది. ఈ మూడు అంకెలూ డొప్ప తయారీదారు సైజు పట్టికతో పోల్చాలి. పొడుగు తలకు ముందూ వెనకా 19, పక్కలకు 25 మిల్లీమీటర్ల ప్యాడ్లు బాగా కుదురుతాయి. గుండ్రటి తలకు చాలాసార్లు అన్నీ 19 సరిపోతాయి. ఒకే మందం ఇచ్చి ఊరుకోవడం ఈ కిట్‌లో లోపమే. పొడుగు తలవాళ్ళకు పక్కల ఊగులాట తప్పదు.

ఇక్కడి తలల గురించి ఒక విషయం. తిరుమల వెళ్ళి గుండు చేయించుకుని వస్తే, జుట్టుతో సరిచేసుకున్న బిగింపు అంతా వదులవుతుంది. వచ్చిన రోజే పట్టీలు, డయల్ మళ్ళీ చూసుకోవాలి. జుట్టు పెరిగేకొద్దీ ఇంకోసారి. మహిళా కానిస్టేబుళ్ళకైతే అసలు చిక్కు కొప్పుతో వస్తుంది. వెనక ఎత్తుగా ముడి వేస్తే అది వెనక ప్యాడును తోసి హెల్మెట్‌ను ముందుకు వంచుతుంది, అంచు కళ్ళకు అడ్డం పడుతుంది. జడను మెడ దగ్గర, డొప్ప అంచుకు కింద ఉండేలా కట్టుకుంటే ఈ హార్నెస్‌లోని మెడ మెత్త దాని పైన కూర్చుంటుంది. కొప్పుకు చోటివ్వడానికి వెనక ప్యాడు తీసేయడం పరిష్కారం కాదు. వెనక్కి పడినప్పుడు దెబ్బ తగిలేది సరిగ్గా అక్కడే.

బిగించే ముందు డొప్ప చూడండి. పాత ప్యాడ్లు, బిళ్ళలు తీసేసి తడిగుడ్డతో, కొద్దిగా సబ్బునీళ్ళతో తుడిచి నీడలో ఆరబెట్టండి. పాత జిగురు వదలడం లేదని పెట్రోలు, థిన్నరు, అసిటోన్ పోసి రుద్దుతారు. అవి పైరంగును, లోపలి పొరలను పట్టి ఉంచే రెసిన్‌ను దెబ్బతీస్తాయి. వేలిగోరుతో, ప్లాస్టిక్ కార్డు అంచుతో ఓపిగ్గా గీకితే వస్తుంది. తర్వాత రూపాయి బిళ్ళతో డొప్ప అంతా తట్టుకుంటూ పోండి. శబ్దం ఒకేలా రావాలి. ఒకచోట బొంగురుగా, చచ్చు శబ్దం వస్తే లోపల పొరలు విడిపోయి ఉండొచ్చు. అంచు రబ్బరు లేచిన చోట్ల పొరలు విచ్చుకున్నాయేమో చూడండి. అనుమానం ఉన్న డొప్పకు కొత్త కిట్ వేయడం దండగ. ఒక్కసారి తూటా తగిలిన డొప్ప ఎంత బాగా కనిపించినా పక్కన పెట్టాల్సిందే. చివరగా డొప్పను కడప బండ మీద బోర్లించి చూడండి. అంచు వంపులు కుడి ఎడమలు ఒకేలా ఉండాలి. ఒక పక్కకు వంకర తిరిగితే హార్నెస్ ఎంత సరిచేసినా హెల్మెట్ ఒక చెవి మీదికే వాలుతుంది.

లేబుల్ కూడా వెతకండి. నిజమైన బాలిస్టిక్ డొప్ప లోపల తయారీదారు పేరు, లాట్ నంబరు, తయారైన తేదీ, సైజు, రక్షణ స్థాయి ఉంటాయి. అదే ఆకారంలో ఆటలకు చేసే ప్లాస్టిక్ డొప్పలు బజారులో చాలా తిరుగుతున్నాయి. ఈ కిట్ వాటికీ పడుతుంది, అదే ప్రమాదం. మంచి ప్యాడ్లు వేసినంత మాత్రాన ప్లాస్టిక్ డొప్ప తూటాను ఆపదు. బాలిస్టిక్ హెల్మెట్ పెట్టుకుని బుల్లెట్ బండి మీద నంద్యాల రోడ్డెక్కడం కూడా తప్పే. రోడ్డు ప్రమాదానికి కావాల్సింది మందపాటి థర్మోకోల్ పొర ఉన్న, ఐఎస్ 4151 గుర్తున్న బండి హెల్మెట్. రెండింటి పనీ వేరు.

ఇప్పుడు జిగురు బిళ్ళలు. కిట్‌లో వచ్చినవి మొదటి రోజు బాగానే పట్టుకున్నాయి. మూడో రోజు మధ్యాహ్నం జీపులో ఉన్న హెల్మెట్ తీసి చూస్తే నుదుటి బిళ్ళ ఒక సెంటీమీటరు కిందికి జారి ఉంది, వెనక జిగురు తీగలుగా సాగుతోంది. మూసిన బండి డ్యాష్‌బోర్డు మీద మే నెలలో వేడి 70 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి ఈ జిగురు నిలవదు. డొప్పకు కూడా అక్కడ ఉండటం మంచిది కాదు, ముఖ్యంగా పాలీఎథిలీన్ అనే ప్లాస్టిక్ పీచుతో చేసిన డొప్పకు. సీటు కింద నీడలో పెట్టండి. బిళ్ళలకు మాత్రం అక్రిలిక్ జిగురున్న ఇండస్ట్రియల్ వెల్క్రో కొని వాడుకోవడం మేలు. గరుకు పక్క డొప్పకు, నూలు పక్క ప్యాడుకు. బిళ్ళ అంటించాక ముప్పై సెకన్లు బొటనవేలితో మధ్య నుంచి అంచులకు గట్టిగా నొక్కాలి. తర్వాత ఇరవై నాలుగు గంటలు దాని జోలికి పోకూడదు. అంటించిన వెంటనే ప్యాడ్లు పెట్టి సర్దుతూ పీకితే జిగురు పట్టు సగంలోనే పోతుంది. ఫెవిక్విక్ లాంటివి వాడొద్దు, అవి గట్టిపడి పెళుసుగా విరుగుతాయి, మళ్ళీ తీయాలంటే రంగుతో సహా ఊడుతుంది.

స్క్రూల గురించి గట్టిగా చెప్పాలి. కిట్‌లో ఇచ్చినవి మామూలు మెత్తటి ఇనుము. వారం రోజుల చెమటకే తలల దగ్గర తుప్పు గీత కనిపించింది. అంతకంటే పెద్ద సంగతి, బాలిస్టిక్ హెల్మెట్‌కు వేసే బోల్టు కూడా దెబ్బకు నిలవాలి. దాని మీద తూటానో తునకో తగిలితే నాసిరకం స్క్రూ విరిగి తానే ఒక తునకగా లోపలికి వస్తుంది. పాత బస్టాండు దగ్గర హార్డ్‌వేర్ షాపులో అదే మరకు స్క్రూ దొరుకుతుంది కదా అని వేసుకునేవాళ్ళకూ ఇదే మాట. డొప్పతో వచ్చిన అసలు స్క్రూలు, పోస్టులు బాగుంటే వాటినే వాడండి. లేకపోతే ఆ డొప్ప తయారీదారు విడిభాగాలే తెప్పించుకోండి. కొత్త బెజ్జం మాత్రం వేయకూడదు. డ్రిల్లు తిరిగిన చోట పీచు తెగి, పొరలు విచ్చుకుని, తేమ లోపలికి పోతుంది. ఈ హార్నెస్ చివరల్లోని కన్నాలు నాలుగు బెజ్జాల డొప్పలకు సరిగ్గా వచ్చాయి. బెజ్జాల వరస వేరుగా ఉన్న డొప్పకు ఈ కిట్ కొనకండి.

స్క్రూ పొడవు చూసుకోవాలి. డొప్పల మందం ఒకేలా ఉండదు. పొడుగైతే కొస పోస్టును దాటి ప్యాడు కింద పొడుచుకొస్తుంది, పొట్టిదైతే రెండు చుట్లే పట్టుకుని పరుగులో వదులవుతుంది. కనీసం నాలుగైదు చుట్లు పట్టాలి. పట్టీ కొస ఊగడం ఆగేదాకా బిగించి, ఆ తర్వాత పావు చుట్టు తిప్పండి, అంతే. దమ్ము చూపిస్తే పోస్టు తల డొప్పలోకి దిగి రంగు పగులుతుంది. నీలం రంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క మంచిదే, కానీ అది డయల్ ప్లాస్టిక్‌కు అంటకుండా చూడండి. కొన్ని ప్లాస్టిక్‌లు దాంతో చీలికలు వేస్తాయి.

ప్యాడ్లు పెట్టే వరుస: ముందు మాడు ప్యాడు, సరిగ్గా నడిమధ్య. తర్వాత నుదుటి ప్యాడు, దాని కింది అంచు డొప్ప అంచుకు సమంగానో, కొద్దిగా కిందికో ఉండాలి. డొప్ప అంచు నుదుటి చర్మానికి ఎక్కడా తగలకూడదు. తర్వాత వెనకది. ఆఖరుకు పక్కల నాలుగూ, మధ్యలో వేలెడు సందు వదిలి. ఆ సందుల్లోంచే గాలి ఆడుతుంది. కర్నూలులో ఆ సందులు మూసేస్తే నుదుటి చెమట కళ్ళలోకి దిగుతుంది. ఏడు ప్యాడ్లూ ఉండాలి. గాలి కోసం రెండు తీసేసే అలవాటు చాలాచోట్ల ఉంది. తీసిన చోట తలకూ డొప్పకూ మధ్య అడ్డు ఏమీ మిగలదు. కళ్ళద్దాలు పెట్టుకునేవాళ్ళు ముందువైపు పక్క ప్యాడ్లను కణతల మీద నుంచి సెంటీమీటరు పైకి జరిపితే కాడ నొక్కుకోదు.

ఇక పట్టీలు. నాలుగూ పూర్తిగా వదులు చేసి, డయల్ కూడా వెనక్కి తిప్పి, హెల్మెట్‌ను తల మీద సమంగా పెట్టండి. ముందు అంచు కనుబొమల పైన అర అంగుళం, దాదాపు వేలెడు మందం ఉండాలి. చాలామంది అందంగా కనిపించాలని వెనక్కి తోసి పెట్టుకుంటారు, అప్పుడు నుదురు ఖాళీ. గడ్డం కప్పు నడిమధ్యకు తెచ్చి బకిల్ వేయండి. ముందు పట్టీలు రెండూ ఒకేసారి, సమానంగా లాగండి, ఆ తర్వాత వెనకవి. వెనక మెత్త తల ఉబ్బుకు కింద, మెడ మొదలయ్యే గుంటలో కూర్చోవాలి. హెల్మెట్ ముందుకు జారకుండా పట్టుకునేది అదే. ఈ హార్నెస్‌లో వెనక పట్టీలు రెండు సెంటీమీటర్లు ఎక్కువ పొడవున్నాయి, చిన్న తలవాళ్ళకు ఆఖరి దాకా లాగినా మెత్త మెడ మీదికి వేలాడింది. వాటిని కోసి కుట్టించడానికి చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళకండి. లావు సూది పట్టీ నేతను తెంపుతుంది, లాగినప్పుడు ఆ వరసలోనే చిరుగుతుంది. మిగిలిన కొసను మడిచి రబ్బరు బ్యాండుతో కట్టుకోవడం మేలు.

డయల్ అన్నిటికంటే చివర. రెండు మూడు క్లిక్కులు చాలు. ప్యాడ్లు కుదరని హెల్మెట్‌ను డయల్‌తో బిగిస్తే అరగంటకు తలనొప్పి ఖాయం. ఈ కిట్ డయల్ సన్న ఇసుక పడితే గరగరమంటోంది, ఓర్వకల్లు రాళ్ళ మధ్య ఒక రోజు తిరిగితే అర్థమవుతుంది. నీళ్ళతో కడిగితే మళ్ళీ బాగుంటుంది, నూనె వేస్తే దుమ్ము మరింత పడుతుంది.

కుదిరిందో లేదో అద్దంలో చూస్తే తెలియదు. నోరు పెద్దగా తెరవండి, హెల్మెట్ కొద్దిగా కిందికి లాగినట్టు అనిపించాలి. ముందు అంచు కింద అరచేయి పెట్టి పైకి తోయండి. నుదురు బయటపడేంత లేస్తే వెనక పట్టీలు వదులు. చేత్తో పక్కకు తిప్పితే నుదుటి చర్మం కూడా దాంతో కదలాలి, హెల్మెట్ ఒక్కటే తిరిగితే ప్యాడ్లు పలచన. ఆ తర్వాత బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ వేసుకుని బోర్లా పడుకుని తుపాకీ గురి పట్టండి. జాకెట్ వెనక పలక హెల్మెట్‌ను తోసి కళ్ళు మూసేస్తే, జాకెట్ భుజం పట్టీలను కిందికి దించండి, వెనక మెత్త ఒక్క పిసరు పైకి జరపండి. మెట్లు ఎక్కి దిగి, వంద మీటర్లు పరిగెత్తి, మళ్ళీ చూడండి. ఇరవై ముప్పై నిమిషాలు ఉంచి తీశాక నుదుటి మీద గుర్తులు చూసుకోండి. ఎర్రగా అంతటా సమంగా ఉంటే మంచిదే. ఒక్కచోట రూపాయంత ముదురు మచ్చ ఉంటే ఆ ప్యాడును సెంటీమీటరు జరపండి. ఒకేసారి రెండు ప్యాడ్లు జరిపితే ఏది సరైందో తెలియదు.

నైట్ విజన్ పరికరం తగిలించేవాళ్ళు దాన్ని తగిలించిన తర్వాతే పట్టీలు సరిచేసుకోవాలి. ముందు మూడు నాలుగు వందల గ్రాములు వేలాడితే ఖాళీ హెల్మెట్‌కు చేసిన బిగింపు పనిచేయదు. వెనక బరువు సంచి సాయపడుతుంది, కానీ మెడ మోసే మొత్తం బరువు పెరుగుతుందని మర్చిపోకూడదు. హెడ్‌సెట్ పట్టీ హెల్మెట్ కింద నుంచి పోతే మాడు ప్యాడు నొక్కుకుంటుంది. ఈ కిట్‌లోని గుండ్రటి ప్యాడు ఆ పట్టీ మీద కుదురుగా కూర్చోలేదు. హెడ్‌సెట్ వాడేవాళ్ళకు ఈ ప్యాడ్ల సెట్ నేను సిఫార్సు చేయను.

ఉతకడం తేలిక. ప్యాడ్లు తీసి చల్లటి నీళ్ళలో కొద్దిగా సబ్బుతో పిసికి, మెలితిప్పకుండా రెండు అరచేతుల మధ్య నొక్కి నీళ్ళు తీసి, నీడలో ఆరబెట్టండి. ఎండాకాలంలో వారానికోసారి తప్పదు, లేకపోతే చెమట ఉప్పు గట్టిపడి గుడ్డ గీరుకుంటుంది. తలకు కొబ్బరినూనె రాసుకున్న రోజు లోపల పలచటి నూలు టోపీ పెట్టుకోండి. నూనె దిగిన ప్యాడుకు దుమ్ము పట్టి, వెల్క్రో నూలు చదునైపోతుంది. పది ఉతుకుల తర్వాత ఈ కిట్ ప్యాడ్ల కుట్లు ఎక్కడా విడలేదు, అది మెచ్చుకోవాల్సిన విషయం.

ఐదుకు మూడు మార్కులు వేస్తాను, ఆ మూడూ ప్యాడ్లవే. అసలు స్క్రూలు చేతిలో ఉండి, వెల్క్రో విడిగా కొనుక్కోగలిగితే, హార్నెస్ కూడా పనికొచ్చేదే కాబట్టి ఈ డబ్బుకు కిట్ కొనొచ్చు. అసలు స్క్రూలు పోయిన డొప్ప అయితే, ముందు వాటి కోసం తయారీదారుకు రాయండి. అవి చేతికొచ్చాకే ఈ పెట్టె తెప్పించుకోండి.